మూడు దెబ్బల తర్వాత

గలిందో ఎలాంటివాడని అడిగితే మా మఠంలో తలో మాట చెబుతారు. వంటశాలలో వాళ్లు తిండిపోతు అంటారు, అది నిజమే. సన్యాసులు పుణ్యాత్ముడు అంటారు, చచ్చిపోయినవాళ్లని అలా అనడం వాళ్లకి అలవాటు. నేను అతన్ని పదిహేడేళ్లు చూశాను. అందులో చివరి తొమ్మిదేళ్లు అతను చర్చి గుమ్మం బయట, వానలోనూ మంచులోనూ నిలబడి పూజ విన్నాడు. నిజానికి అక్కడ నిలబడాల్సింది నేను. ఆ సంగతి అతనికి తెలుసు, నాకు తెలుసు, మూడో మనిషికి తెలియదు. అందుకే అతని కథ నేనే చెప్పాలి. ఇంకెవరు చెప్పినా నన్ను వదిలేసి చెబుతారు.

అతను మా కొండకి గంటతోపాటు వచ్చాడు. కింద లోయలో పోతపోసిన గంటని ఎడ్లబండి మీద కనుమకి చేర్చడానికి ఐదు రోజులు పట్టింది. ఆఖరి మలుపులో ఒక ఎద్దు కూలబడి మళ్లీ లేవలేదు. గలిందో దాని మెడ పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడట. తర్వాత మొహం తుడుచుకుని, కాడి ఒక కొస తన భుజానికెత్తుకుని, రెండో ఎద్దుతో సమానంగా బండి లాగాడు. పొట్టి మనిషి. మెడ ఎక్కడ అయిపోయి భుజాలు ఎక్కడ మొదలయ్యాయో తెలిసేది కాదు. గంటని గోపురంలో వేలాడదీశాక దాన్ని మోగించడం సన్యాసుల వల్ల కాలేదు. ఇద్దరు కలిసి తాడుకి వేలాడితే ఒకసారి మూలిగి ఊరుకుంది.

"తప్పుకోండి సాములూ, ఇది మీకు లొంగే రకం కాదు" అని గలిందో తాడు పట్టుకున్నాడు. ఇంక కొండ దిగలేదు. ఒంటెద్దుతో ఊరెళ్లి ఏం చేస్తాను అన్నాడు. మఠం అతనికి రొట్టె, దుప్పటి, గోపురం కింద ఒక గది ఇచ్చింది.

గంటని అతను "మా అత్తగారు" అనేవాడు. మొదలుపెడితే ఆపదు, ఆపితే అలుగుతుంది అనేవాడు. పెళ్లే చేసుకోని మనిషికి అత్తగారి సంగతి ఏం తెలుసని నేను దెబ్బలాడేదాన్ని. కొన్నేళ్లకి ఆ మోతకి అతని ఎడమ చెవి పోయింది. కుడిచెవిలో ఎప్పుడూ ఏదో హోరు. పిలిస్తే పలికేవాడు కాదు, తిడితే మాత్రం ఎంత దూరం నుంచైనా పలికేవాడు.

మా మఠం ఉన్నదే దారిన పోయేవాళ్ల కోసం. యాకోబు అపొస్తలుడి సమాధికి పడమరగా నడిచే యాత్రికులు ఈ కనుమ దాటాలి. ఇక్కడ పొగమంచు పట్టపగలే దిగుతుంది. దిగిందంటే చాచిన చెయ్యి కనపడదు, దారికి ఒక పక్కంతా లోయ. అందుకే పొగమంచు దిగిన క్షణం నుంచి గంట మోగుతూనే ఉండాలి, చివరి మనిషి లోపలికి వచ్చేదాకా ఆగకూడదు. చివరి మనిషి ఎవరో తేల్చడం మఠం గుమ్మం దగ్గర ఉండేవాళ్ల పని, అంటే నా పని.

వచ్చేవాళ్లలో సగం మంది భాష మాకు రాదు. అందుకని మాటతో పని లేని పద్ధతి ఒకటి ఉంది. వచ్చినవాడు చేతికర్ర కింద పెట్టకముందే ఎడమ చెయ్యి గుమ్మం రాతికి ఆనించాలి. కుడిచేతి వేళ్లతో వెనక ఎంతమంది ఉన్నారో చూపాలి. ఎవరూ లేకపోతే పిడికిలి. ఆ రాయి మీద చేతులు పెట్టీ పెట్టీ అరచెయ్యంత గుంట పడింది. పిడికిలి చూశాక నేను పక్కన వేలాడే ఇనపరేకు మీద సుత్తితో మూడు దెబ్బలు కొడతాను. ఆ చప్పుడు గోపురంలోకి వినపడుతుంది, గంట ఆగుతుంది. మూడు దెబ్బల తర్వాత గంట మళ్లీ మోగకూడదు. మోగితే ఎవరో ఆపదలో ఉన్నారనుకుని సన్యాసులు బయటికి పరిగెడతారు. ఒకసారి ఊరికే అలా మోగితే పరిగెత్తి, ఒక ముసలి సన్యాసి లోయలో పడ్డాడు. అప్పటినుంచి ఆ కట్టుబాటు ఎవరూ దాటరు.

ఇంకొక సంగతి. చలికి వేళ్లు కొయ్యబారి వచ్చినవాడి పిడికిలి పిడికిలి కింద లెక్క కాదు. ముందు ఆ చెయ్యి గోరువెచ్చని నీళ్లలో పెట్టాలి. వేళ్లు విచ్చుకున్నాక మళ్లీ అడగాలి. ఆ పని నేను కొన్ని వందల సార్లు చేశాను.

నేను ఆ గుమ్మానికి ఎలా వచ్చానో కూడా చెప్పాలి. నా మొగుడు ఒచోవా రాతిపని చేసేవాడు. చర్చి వాకిలి మీద గుండ్రటి కమాను, దాని చుట్టూ తిరిగే జంతువులు అన్నీ అతని చేతివే. అందులో నాలుక బయట పెట్టిన మృగం ఒకటుంది. దాని మొహం అప్పటి మఠం పెద్దాయన మొహమేనని అందరికీ తెలుసు, ఆయనకి తప్ప. కమాను పూర్తయిన ఏడాదే ఒచోవా పరంజా మీంచి పడి చనిపోయాడు. నాకు పిల్లల్లేరు. పుట్టింటివాళ్లు అంతకుముందే కరువులో పోయారు. మఠం నాకు గుమ్మం పని ఇచ్చి రొట్టె పెట్టింది. ఒచోవాకీ గలిందోకీ బాగా జత కుదిరింది, ఇద్దరూ కలిసి మఠం ద్రాక్షసారా దొంగతనంగా తాగేవాళ్లు. అందుకని గలిందో నన్ను వదినా అనేవాడు.

ఇక ఆ రోజు. చలికాలం మొదట్లో వచ్చే మార్తీను పండగ వెళ్లి నాలుగు రోజులైంది. పొద్దున మంచు కురిసి ఆగింది, ఆ వెనకే పొగమంచు దిగింది. గంట మొదలైంది. మధ్యాహ్నం దాటేసరికి పదకొండు మంది వచ్చారు. నా మోకాళ్లు పట్టేశాయి. పొయ్యి మీద చిక్కుడు గింజల పులుసు పొంగుతోంది. దుప్పట్లు చాలలేదని లోపల ఇద్దరు కొట్టుకుంటున్నారు. అన్నిటికన్నా ఆ గంట. పొద్దుటినుంచీ నా నెత్తి మీదే కొడుతున్నట్టుంది, తల పగిలిపోతోంది. ఇంత చిన్న కారణాలకి ఎంత జరిగిందో తెలియాలని ఇదంతా చెబుతున్నాను. తప్పు తగ్గించుకుందామని కాదు.

అప్పుడు ఒక మనిషి వచ్చి గుమ్మంలో బోర్లా పడ్డాడు. ఉత్తరదేశంవాడు, గడ్డమంతా గడ్డకట్టింది, పళ్లు గిట్టకరిచాయి. నేను అతని ఎడమ చెయ్యి లాగి రాయి మీద పెట్టాను. కుడిచెయ్యి చూశాను. పిడికిలి. అది చలికి బిగుసుకున్న పిడికిలి అని నాకు తెలుసు. వేడినీళ్ల తొట్టి రెండడుగుల దూరంలో ఉంది. "సరే, ఎవరూ లేరు" అని నాకు నేనే చెప్పుకుని ఇనపరేకు మీద మూడు దెబ్బలు కొట్టాను. గంట ఆగింది. అబ్బ, ఎంత హాయిగా ఉందో. ఆ హాయి నాకు ఇప్పటికీ గుర్తుంది. నన్ను తినేసేది అదే.

ఆ మనిషికి మర్నాడు ఎండ వచ్చేదాకా తెలివి రాలేదు. కళ్లు తెరుస్తూనే, వచ్చీరాని మా మాటలో, "మబీలా ఏది?" అన్నాడు.

"ఎవరయ్యా మబీలా?" అన్నాను.

"నా భార్య. కాలు మడతపడింది. నువ్వు ముందు పో, మనుషుల్ని పంపు అంది. గంట వినపడుతోందిగా, దాన్ని పట్టుకుని నేనూ మెల్లగా వస్తుంటాను అంది. వచ్చిందా?"

నేను గబగబా లేచాను. సన్యాసుల్ని పిలిచాను.

ఆమె తోటగోడ అవతలే ఉంది, గుమ్మానికి రెండొందల అడుగులు కూడా ఉండదు. పొగమంచు విడిపోయింది, ఎండ కాస్తోంది, మంచు మీద గుర్తులన్నీ అందరికీ కనపడుతున్నాయి. ఒక కాలు, ఒక ఈడ్చిన కాలు, ఒక కర్ర. కొండ మీంచి సూటిగా మా గుమ్మం వైపే వచ్చాయి. ఒకచోట ఆగాయి. అక్కణ్ణించి ఎడమకి, కుడికి, వెనక్కి, మళ్లీ అక్కడికే. గంట ఎప్పుడు ఆగిందో ఆ నేల చూసి ఎవరైనా చెప్పగలరు. గలిందో ఆ ఆగినచోట మోకాళ్ల మీద కూర్చుని చాలాసేపు లేవలేదు.

ఆ సాయంత్రం మఠం పెద్ద ఫోర్తూన్ అయ్య అందరినీ సభకి పిలిచాడు. ఆ ఉత్తరదేశం మనిషి, పేరు గోస్లాన్, భార్య మెడలోని యాత్రికుల ఆల్చిప్ప చేత్తో పట్టుకుని గోడవారగా కూర్చున్నాడు. నేను తలుపు దగ్గర నిలబడ్డాను.

"గలిందో, గంట ఎందుకు ఆపావు నాయనా?" అన్నాడు పెద్దయ్య.

గలిందో తలెత్తి నా వైపు చూశాడు. చెబుతాడు అనుకున్నాను. చెప్పేస్తే బాగుండని కూడా అనుకున్నాను.

"చేతులు పట్టేశాయి పెద్దయ్యా. నేనే ఆపేశాను. ఎలాగూ ఆగిపోయిందని వదిన ఆ తర్వాత ఇనుము కొట్టింది."

"అంతేనా అమ్మా మునియా?"

నేను తల ఊపాను. నోరు తెరవలేదు. నోటితో చెప్పలేదు కాబట్టి అబద్ధం కాదని చాలా రోజులు నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

మా మఠంలో ఒక శిక్ష ఉంది. అజాగ్రత్తతో యాత్రికుల ప్రాణం పోగొట్టినవాడు చర్చి గడప దాటకూడదు. పూజ బయటినుంచే వినాలి. చచ్చాక మఠం సమాధుల్లో చోటు లేదు, దారి పక్కన పూడ్చాల్సిందే. చనిపోయినవాళ్ల సొంత మనిషి వచ్చి, తన చేత్తో అతని చెయ్యి పట్టుకుని గడప దాటిస్తే తప్ప ఆ శిక్ష తీరదు. పెద్దయ్య ఆ మాట గోస్లాన్‌కి చెప్పి, "పట్టుకోగలవా?" అని అడిగాడు.

గోస్లాన్ గలిందోని చూశాడు. "ఇప్పుడు కాదు" అన్నాడు. భార్యని పూడ్చి, మూడోరోజు పడమరకి వెళ్లిపోయాడు.

గలిందో దగ్గర్నుంచి గంట తీసేసుకున్నారు. ఇద్దరు సన్యాసులు నేర్చుకుని, కిందామీదా పడి మోగించడం మొదలుపెట్టారు. అతనికి కట్టెల పని ఇచ్చారు, కట్టెలపాకలోనే పడక. పొగమంచు దిగిన ప్రతిసారీ గొడ్డలి పక్కన పెట్టి, గోపురం వైపు మొహం తిప్పి కూర్చునేవాడు. గంట జోరు తగ్గితే అతని భుజాలు వాటంతట అవే కదిలేవి.

రోజూ పూజ వేళకి వచ్చి, నా మొగుడు చెక్కిన కమాను కింద, గడపకి ఇవతల నిలబడేవాడు. వాన పడితే కమాను మీద నీళ్లు సరిగ్గా ఆ మృగం నాలుక మీంచి కారతాయి.

"మీ ఆయన చూడు వదినా, పోతూ పోతూ నా నెత్తిన చొంగ కార్చే ఏర్పాటు చేసి పోయాడు" అనేవాడు.

నాకు నవ్వు వచ్చేది కాదు. అతను అలా నవ్వుతూ మాట్లాడితే ఒళ్లు మండేది. నేను అతనికి పులుసులో అడుగున ఉన్న పందికొవ్వు ముక్కలు ఏరి వేసేదాన్ని, బట్టలు ఉతికేదాన్ని, చిరుగులు కుట్టేదాన్ని. అతను తినేవాడు, తొడుక్కునేవాడు, ఒక్క మాట ఎత్తేవాడు కాదు. నన్ను కాపాడాడు. నిజం చెబితే ఆ చలికాలంలో నన్ను ఈ గుమ్మంలోంచి బయటికి పంపుతారని, నాకు పోవడానికి చోటు లేదని తెలిసి కాపాడాడు. అలాగే అనుకున్నాను. ఎవరు కాపాడమన్నారు నిన్ను అని అతని పీక పట్టుకుని అడగాలనిపించేది. మనకి మేలు చేసినవాణ్ణి రోజూ చూస్తూ బతకడం ఎంత కష్టమో నన్ను అడగండి.

ఒకసారి అడిగాను కూడా. "ఎందుకు చేశావయ్యా అలా?"

"ఏం చేశాను? పులుసు చల్లారుతోంది" అన్నాడు.

ప్రతి ఈస్టరుకీ ఈసారి పెద్దయ్యకి చెప్పేస్తాను అనుకునేదాన్ని. పండగ వెళ్లిపోయేది. మంచు కరిగాక చెబుదాం అనుకునేదాన్ని, యాత్రికులు ఎక్కువయ్యేవాళ్లు. అలా తొమ్మిదేళ్లు పోయాయి.

తొమ్మిదో ఏడు ఆకు రాలే కాలంలో గలిందోకి దగ్గు పట్టుకుంది. నెల తిరక్కుండా ఎద్దులాంటి మనిషి సగమైపోయాడు. గుడ్డలో రక్తం కనపడింది. మందు తెలిసిన సన్యాసి చూసి, క్రిస్మస్ దాకా కూడా ఉండడు అని నాతో మెల్లగా అన్నాడు. ఆ మర్నాడే, దారి పక్కన రాళ్లు లేని చోటు ఎక్కడుందో చూడమని ఎవరో ఎవరికో చెబుతుంటే విన్నాను. బతికున్న మనిషికి గొయ్యి వెతుకుతున్నారు, అదీ నా గొయ్యి. అయినా నోరు తెరవలేదు.

మూడు రోజుల తర్వాత పొద్దున్నే పొగమంచు దిగింది. గంట మొదలైంది. పొద్దు బాగా ఎక్కేసరికి ఏడుగురు వచ్చారు, ఏడోవాడు వెనక ఒకడున్నాడని వేలు చూపాడు. కాసేపటికి ఆ ఒక్కడూ వచ్చాడు. గడ్డం తెల్లబడింది, నడుం కాస్త వంగింది. నేను గుర్తుపట్టలేదు.

అతను ఎవరూ చెప్పకుండానే ఎడమ చెయ్యి రాయి మీద పెట్టాడు. కుడిచెయ్యి ఎత్తి, పిడికిలి చూపాడు. తర్వాత ఆ పిడికిట్లోంచి ఒక వేలు మెల్లగా విప్పాడు.

"వెనక ఒకరున్నారా?" అన్నాను.

"ఉంది. ఆ రోజు ఈ వేలే విచ్చుకోలేదు" అన్నాడు.

నా చేతిలో సుత్తి ఉంది. అప్పుడు గుర్తుపట్టాను.

"ఆ రోజు నన్ను వేడినీళ్ల దగ్గర కూర్చోబెట్టి అడిగావో లేదో నాకు జ్ఞాపకం లేదమ్మా. తెలివి లేదు నాకు. గంట ఆపినవాణ్ణి చూడాలని వచ్చాను. చెయ్యి పట్టుకోవడానికి తొమ్మిదేళ్లు పట్టింది. ఉన్నాడా ఇంకా?"

ఉన్నాడన్నట్టు తల మాత్రం ఊపాను. అతన్ని పొయ్యి దగ్గర కూర్చోబెట్టి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాను. గంట మోగుతూనే ఉంది. ఒకరు ఉన్నారని వేలు చూపాడు. ఆ ఒక్కరు రాలేదు. రాకుండా ఇనుము ఎలా కొట్టను? మధ్యాహ్నం అయింది. తాడు దగ్గర సన్యాసులు మారారు, మళ్లీ మారారు. పొగమంచు కాస్త పలచబడింది, అయినా నేను కొట్టలేదు. చివరికి పెద్దయ్య తనే కిందికి వచ్చాడు. ఆయనా ముసలివాడయ్యాడు, గోడ పట్టుకుని నడుస్తున్నాడు.

"ఏమ్మా మునియా, ఇంకా ఎవరు రావాలి?"

"ఒకరు, పెద్దయ్యా."

"ఎవరు?"

పొయ్యి దగ్గర్నుంచి గోస్లాన్ లేచి వచ్చాడు. "నా భార్య" అన్నాడు.

పెద్దయ్య అతన్ని పోల్చుకున్నాడు. అతని భుజం మీద చెయ్యి వేసి, "ఆమె వచ్చేసింది నాయనా, మన తోట వెనకే ఉంది" అని, నా వైపు తిరిగి, "కొట్టమ్మా, వాళ్ల చేతులు పడిపోతున్నాయి" అన్నాడు.

నేను సుత్తి కింద పెట్టేశాను.

"పెద్దయ్యా, గలిందో గంట ఆపలేదు. నేను ఆపించాను. ఇతని చెయ్యి నీళ్లలో పెట్టలేదు. బిగుసుకున్న పిడికిలి అని తెలిసే కొట్టాను. నాకు తలనొప్పిగా ఉంది."

చెప్పేశాక నాకు ఏమీ తేలికపడలేదు. తలనొప్పి అనే ఆ మాట గోస్లాన్ మొహం మీద ఎలా పడిందో చూశాను. అతను నన్ను కొడితే బాగుండేది. చూస్తూ నిలబడ్డాడు, అంతే. పెద్దయ్య తనే వంగి సుత్తి తీసుకుని మూడు దెబ్బలు కొట్టాడు.

నేను కట్టెలపాకకి పరిగెత్తాను. గలిందో గోడకి ఆనుకుని కూర్చున్నాడు, మొహం గోపురం వైపు. కుడిచెవి పక్కన కూర్చుని, "చెప్పేశాను. నిన్ను లోపలికి తీసుకెళ్తారు. నీ శిక్ష అయిపోయింది" అన్నాను.

అతను సంతోషిస్తాడనుకున్నాను. కోప్పడ్డాడు.

"ఎవరు చెప్పమన్నారు నిన్ను?"

"ఎన్నాళ్లు నా కోసం..."

"నీ కోసమా?" అన్నాడు. దగ్గు వచ్చింది. తగ్గేదాకా నా చెయ్యి పట్టుకున్నాడు. "నీ కోసం కాదు వదినా. నువ్వు కొట్టావు, నేను ఆపాను. అక్కడిదాకా నీది. ఆ తర్వాత ఆమె పిలిచింది."

నాకు అర్థం కాలేదు.

"గంట ఆగాక, తాడు కొక్కేనికి తగిలిస్తుంటే, బయట ఎవరో పిలిచినట్టయింది. ఒక్కసారే. ఆడమనిషి గొంతు. నా చెవి హోరు అనుకున్నాను. అది రోజూ ఏదో ఒకటి వినిపిస్తూనే ఉంటుంది కదా. మూడు దెబ్బల తర్వాత మోగించకూడదు. తాడు చేతిలోనే ఉంది. పట్టుకుని నిలబడ్డాను, మళ్లీ పిలిస్తే మోగిద్దామని. మళ్లీ పిలవలేదు. తగిలించేసి కిందికి దిగి పులుసు తాగాను."

"మరి సభలో ఎందుకు చెప్పలేదు?"

"ఆ గోడవారగా అతను కూర్చుని ఉంటే? నీ పెళ్లాం పిలిచింది, నేను విని ఊరుకున్నాను అని అతని మొహం మీద ఎలా చెప్పను? నోటికొచ్చింది చెప్పాను."

తొమ్మిదేళ్లు నేను మోసిన అతని మంచితనం నా కోసం కానేకాదు. అందుకు నాకు తేలిక కలగాలి. కలగలేదు. అతని బరువు అతనిదే, నా బరువు నాదే, ఇద్దరం ఒకే పులుసుకుండ పక్కన కూర్చుని ఒకరికొకరు చెప్పుకోలేదు.

పాక తలుపు దగ్గర పెద్దయ్య, ఆయన వెనక గోస్లాన్ వచ్చారు. గోస్లాన్ లోపలికి వచ్చి, "లే. నీ తప్పేమీ లేదట. పద, లోపలికి తీసుకెళ్తాను" అని చెయ్యి చాచాడు.

గలిందో ఆ చెయ్యి అందుకోలేదు. అందుకుంటే సరిపోయేది. మఠం సమాధుల్లో చోటు, లోపల పూజ, అన్నీ ఆ చేతిలో ఉన్నాయి. నేను అతని మోచెయ్యి పొడిచాను కూడా.

"నా చెయ్యి పట్టుకునే ముందు ఒక మాట విను" అన్నాడు గలిందో. "ఆమె పిలిచింది. గంట ఆగాక. నేను విన్నాను. మళ్లీ మోగించలేదు."

గోస్లాన్ చాచిన చెయ్యి అలాగే ఉండిపోయింది.

"ఏమని పిలిచింది?"

"మాట తెలియలేదు."

"నా పేరా?"

"ఏమో నాయనా. గంట కింద పోయిన చెవి. గొంతే తెలిసింది."

"ఎలా ఉంది గొంతు? ఏడుస్తూ పిలిచిందా?"

గలిందో ఆలోచించాడు. అబద్ధం చెప్పడానికి ఆలోచించలేదు, నాకు తెలుసు.

"ఏడవలేదు. విసుగ్గా పిలిచింది. ఏం చేస్తున్నారర్రా లోపల, అన్నట్టు."

గోస్లాన్ మొహంలో ఏదో కదిలింది. నవ్వో ఏడుపో చెప్పలేను. "అది మబీలాయే" అన్నాడు. "ఎప్పుడూ అలాగే పిలిచేది." నేల మీద కూలబడి, గలిందో చెయ్యి రెండు చేతులతోనూ పట్టుకున్నాడు. "దాని గొంతు చివరిసారి విన్న మనిషివి నువ్వు. ఇంకెవరి చెయ్యి పట్టుకోను?"

గలిందో నడవలేకపోయాడు. గోస్లాన్ ఒక చెయ్యి పట్టుకుంటే ఇంకో పక్క నేను ఆనించుకుని కమాను దాకా తీసుకొచ్చాం. మృగం నాలుక కింద నేను అతన్ని వదిలేశాను. గోస్లాన్ ఒక్కడే అతన్ని గడప దాటించాడు. లోపల దీపాల దగ్గర అతను తల ఎత్తి పైకప్పంతా చూడటం నేను బయటినుంచి చూశాను. తొమ్మిదేళ్లలో కొత్తగా ఏం కట్టారా అని చూస్తున్నట్టుంది.

పూజ అయ్యాక గోస్లాన్ బయటికి వచ్చాడు. నేను గడపకి ఇవతల నిలబడి ఉన్నాను. నన్ను అక్కడ నిలబడమని ఎవరూ చెప్పలేదు, పెద్దయ్య ఆ తర్వాత చెప్పాడు. నేను చెయ్యి చాచలేదు. నా చేతులు అతను చూశాడు.

"నీ కోసం ఇంకోసారి రావాలమ్మా" అన్నాడు. కోపంగా అనలేదు, అలసిపోయి అన్నాడు. "ఈసారి ఒక్కరికి సరిపడానే తెచ్చుకున్నాను."

గలిందో ఇరవై రోజులు బతికాడు. లోపల, నా మొగుడి సమాధికి నాలుగడుగుల దూరంలో పూడ్చారు. పోయేముందు పెద్దయ్యని ఒకటే అడిగాడు. మూడు దెబ్బల తర్వాత గంటని మరో వంద దెబ్బలు మోగనివ్వమన్నాడు, లెక్కలోకి రానివాళ్ల కోసం. ఇప్పుడు అదే మా పద్ధతి. ఆ వంద దెబ్బలకి ఎవరూ బయటికి పరిగెత్తరు, కానీ గుమ్మం తెరిచే ఉంచుతాం.

నన్ను గుమ్మం పని నుంచి తీసేస్తారనుకున్నాను. ఇకమీదట నీకన్నా జాగ్రత్తగా ఎవరు అడుగుతారు అన్నాడు పెద్దయ్య. అది శిక్షో దయో నాకు తెలియదు. ఇది ఐదో చలికాలం. పూజ వేళ వాన పడితే నా నెత్తి మీద నీళ్లు కారతాయి, గలిందో చెప్పింది నిజమే, సరిగ్గా మధ్యలో పడతాయి. ఈమధ్య నాకూ దగ్గు వస్తోంది.

నిన్న పొగమంచు దిగింది. పదమూడు మంది వచ్చారు. అందరి చేతులూ నేనే నీళ్లలో పెట్టాను, అందరి వేళ్లూ నేనే విప్పాను. చివర వచ్చిన ముసలామె పిడికిలి చూపింది. "తెల్లగడ్డం మనిషి, ఉత్తరదేశంవాడు, దారిలో ఎక్కడైనా కనపడ్డాడా?" అని అడిగాను. ఆమెకి నా భాష రాదు. పిడికిలి మళ్లీ చూపింది. నేను మూడు దెబ్బలు కొట్టి, గుమ్మంలో నిలబడి, వందా లెక్కపెట్టాను.